ఆపరేషన్ అయిన రాత్రి

కోత పెట్టేటప్పుడు నొప్పి తెలియకుండా చేయడం వైద్యానికి దగ్గర దగ్గర 180 ఏళ్లుగా తెలుసు. మత్తు దిగాక మొదలయ్యే నొప్పి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఓర్చుకోవాలి’ అనే మాటే ఇంకా వార్డుల్లో వినిపిస్తోంది. అంతగా ఓర్చుకోనక్కర్లేదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి.

ఏ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి మర్నాడు నొప్పి ఎక్కువగా ఉంటుంది? పెద్దపేగు కోసి తీసినవాళ్లకా, అపెండిక్స్ తీసినవాళ్లకా? ఎవర్ని అడిగినా మొదటిదే చెబుతారు. జర్మనీ పరిశోధకులు 105 ఆసుపత్రుల్లో 50 వేల మందికి పైగా రోగులను ఆపరేషన్ అయిన మర్నాడు అడిగారు. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఇంతకు మించి ఉండదు, ఈ లెక్కన మీకొచ్చిన అతి ఎక్కువ నొప్పి ఎంత అని. 179 రకాల ఆపరేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చారు. 2013లో అచ్చయిన ఆ జాబితాలో అపెండిక్స్, పిత్తాశయం, మొలలు, టాన్సిల్స్ లాంటివి చాలా పైన కనిపించాయి. సిజేరియన్ కూడా ఆ పై వరసల్లోనే ఉంది. పొట్ట తెరిచి గంటల తరబడి చేసిన కొన్ని పెద్ద ఆపరేషన్లవాళ్లు వీళ్లకంటే తక్కువ నొప్పి చెప్పారు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పెద్ద ఆపరేషన్ అనగానే సర్జను, మత్తు డాక్టరు ముందే మాట్లాడుకుంటారు. వెన్ను దగ్గర సన్నని గొట్టం పెట్టి రెండుమూడు రోజులపాటు మందు ఎక్కిస్తారు. మాటిమాటికీ వచ్చి చూస్తారు. అపెండిక్స్‌కి అంత ఏర్పాటు ఎవరూ చేయరు. కేస్ షీట్ మీద రాత్రికి ఒక ఇంజక్షన్ రాసి ఉంటుంది. అది అర్ధరాత్రి దాటాక దిగిపోతే పేషెంటు ఫ్యాను వంక చూస్తూ తెల్లారేదాకా అలా పడి ఉంటాడు. అడిగితే ‘చిన్న ఆపరేషనే కదా’ అంటారేమోనని అడగడు. తనకీ అది చిన్నదనే చెప్పారు మరి.

మన దగ్గర అడగకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. రాత్రిపూట సిస్టర్‌ని లేపితే విసుక్కుంటుందేమోనని బెరుకు. నొప్పి మందులు ఎక్కువైతే కుట్లు మానవని ఎవరో చెప్పిన మాట. అలవాటైపోతుందన్న భయం. ‘కోసిన చోట నొప్పి లేకుండా ఎలా ఉంటుందమ్మా, కాస్త ఓర్చుకో’ అని పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ప్రేమగానే అంటారు. ఆ ప్రేమను తప్పు పట్టలేం. కానీ ఓర్చుకున్నందుకు ఒంటికి జరిగే నష్టం ఎవరికీ కనబడదు. ఈ కథనం ఆ నష్టం గురించి, దాన్ని తప్పించడానికి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల గురించి.

హైదరాబాద్ తీర్చబోయిన తగువు

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఒక రోగికి ఈథర్ ఆవిరి పీల్పించాడు. సర్జన్ జాన్ కాలిన్స్ వారెన్ ఆ రోగి మెడ దగ్గరి గడ్డకు కోత పెట్టాడు. రోగి అరవలేదు. అయిదారు నెలలు తిరిగేసరికి కలకత్తాలోనూ ఈథర్ వాడారు. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం తెచ్చాడు. దాని వాసన ఈథరంత ఘాటు కాదు, కొంచెం చాలు, తొందరగా ఎక్కుతుంది. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది.

అక్కణ్నుంచి నలభయ్యేళ్లపాటు డాక్టర్లు ఒకే విషయం మీద తగువులాడుకున్నారు. క్లోరోఫాం ముందుగా ఆపేది గుండెనా, ఊపిరినా? గుండె అయితే మత్తు ఇచ్చే మనిషి వేలు నాడి మీద ఉండాలి. ఊపిరి అయితే కళ్లు ఛాతీ మీద ఉండాలి. ఏది నిజమో తేలేదాకా బల్ల మీద పడుకున్న మనిషి ప్రాణం ఆ డాక్టరు ఏ కాలేజీలో చదివాడన్నదాని మీద ఆధారపడింది.

ఆ తగువు తీర్చే పని హైదరాబాద్ నెత్తికెత్తుకుంది. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడి మెడికల్ స్కూలుకి కూడా పెద్ద. ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యుడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫాం ఎవర్నీ చంపదని ఆయన గట్టి నమ్మకం. 1888లో నిజాం ప్రభుత్వం మొదటి క్లోరోఫాం కమిషన్ వేసింది. కుక్కల మీద ప్రయోగాలు చేసి లారీ చెప్పిందే నిజమన్నారు. లండన్‌లోని ‘లాన్సెట్’ వైద్య పత్రిక దాన్ని ఒప్పుకోలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చింది. 1889 చివర్లో లాన్సెట్ తరఫున థామస్ లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చాడు. గుండె జబ్బుల మందుల్లో అప్పటికే పెద్ద పేరున్నవాడు, గుండే ముందు ఆగుతుందన్న పక్షంవాడు. వారాల తరబడి వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. ముందు ఆగేది ఊపిరేనని లండన్‌కి టెలిగ్రాం కొట్టాడు.

తగువు అక్కడితో తీరలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లిష్ పరిశోధకుడు పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో రెండో సగం బయటపెట్టాడు. మోతాదు మించితే ఊపిరి ఆగడం నిజమే. కానీ మత్తు లోతుగా దిగకముందే భయంతోనో నొప్పితోనో ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్మితే, క్లోరోఫాం ఆ గుండెను లయ తప్పించి క్షణాల్లో ఆపేయగలదు. హైదరాబాద్ వాళ్లు ఎక్కువ మోతాదుల్నే చూశారు, కొద్ది మత్తులో పొంచి ఉన్న ప్రమాదం వాళ్లకి చిక్కలేదు. అయినా ఊపిరి మీంచి కన్ను తీయకూడదన్న వాళ్ల పట్టు వృథా పోలేదు. మత్తు ఇవ్వడంలో అది ఇవాళ్టికీ మొదటి పాఠమే. లెవీ చూపించిన సంగతి కూడా మనకి ఇక్కడ కావాలి. భయం, నొప్పి మనసులోనే ఉండిపోవు. రక్తంలోకి దిగి గుండెదాకా వెళతాయి.

ఆ రోజుల హైదరాబాద్‌లో మరో పేరు ఉంది, మనం మరింతగా చెప్పుకోవాల్సిన పేరు. రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీ యువతి. లారీ దగ్గర హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన తొలి అమ్మాయిల్లో ఒకరు. ఇక్కడి ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇచ్చారు. తర్వాత ఎడిన్‌బరో వెళ్లి, మత్తు మందుల గుట్టు తెలియాలంటే భౌతిక, రసాయన శాస్త్రాలు తెలియాలని అవి చదువుకుని మళ్లీ హైదరాబాదే వచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్ల పేర్లు చెప్పుకునేటప్పుడు ఆమె పేరు ముందు వరసలో వస్తుంది. సికింద్రాబాద్‌లో మలేరియా దోమను పట్టుకున్న రొనాల్డ్ రాస్ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాడు. రూపాబాయి కూడా ఉండాలి.

పసిపిల్లలకు తెలియదన్నారు

థియేటరు లోపలి భద్రత ఇరవయ్యో శతాబ్దంలో ఎంతో పెరిగింది. నొప్పి సంగతి అలా ముందుకి నడవలేదు. అందుకు అన్నిటికంటే బాధపెట్టే రుజువు నెలలు నిండని బిడ్డలది. 1980ల దాకా చాలా దేశాల్లో, పేరున్న ఆసుపత్రుల్లోనే, అలాంటి శిశువులకు ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసేటప్పుడు కండరాలు కదలకుండా మందు ఇచ్చేవాళ్లు. దాంతోపాటు నొప్పి తెలియకుండా ఇచ్చే మందు చాలా తక్కువ, కొన్నిసార్లు అసలుండేది కాదు. వాళ్ల నరాలు ఇంకా ఎదగలేదు, నొప్పి తెలియదు, గట్టి మందులు తట్టుకోలేరు అని నమ్మకం. బిడ్డ కదలలేదు, ఏడవలేదు. అందుకే ఎవరికీ తెలియలేదు. 1985లో తన బిడ్డకి ఇలాగే జరిగిందని తర్వాత తెలుసుకున్న ఒక అమెరికన్ తల్లి పత్రికలకెక్కాక దేశమంతా ఉలిక్కిపడింది.

ఆ సమయానికే ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే యువ డాక్టరు అడగాల్సిన ప్రశ్న అడుగుతున్నాడు. ఆపరేషన్ థియేటర్ నుంచి పిల్లల వార్డుకి తిరిగొచ్చిన బిడ్డలు ఎందుకంత కుదేలైపోతున్నారు? నెలలు నిండని బిడ్డల్ని రెండు గుంపులు చేశాడు. ఒక గుంపుకి అప్పటి పద్ధతిలోనే మత్తు. రెండోదానికి అదనంగా ఫెంటానిల్ అనే నొప్పి మందు. నోరు లేని బిడ్డ చెప్పలేనిది రక్తం చెప్పింది. ఫెంటానిల్ అందని పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు ఎగబాకాయి, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులూ ఎక్కువయ్యాయి. 1987లో లాన్సెట్‌లో వచ్చిన ఆ వ్యాసం తర్వాత ప్రపంచవ్యాప్తంగా పద్ధతి మారింది. నొప్పి తగ్గిస్తే బిడ్డ బలహీనపడుతుందని అప్పటిదాకా నమ్మారు. నిజానికి ఆ పిల్లలే బాగా కోలుకున్నారు.

కదలకుండా పడుకుంటే

పెద్దవాళ్ల ఒంట్లో జరిగేదీ అదే తీరు. కోత పడిన చోట కణాలు చితికి రసాయనాలు వదులుతాయి. అవి అక్కడి నరాల కొసల్ని రెచ్చగొడతాయి. ఆ సంకేతాలు వెన్నుపాములోకి పోతాయి. వరసగా వస్తూ ఉంటే వెన్నుపాము తానే సున్నితమైపోతుందని క్లిఫర్డ్ వూల్ఫ్ అనే పరిశోధకుడు 1983లో చూపించాడు. దుప్పటి తగిలినా కుట్ల చుట్టూ భగ్గుమనడానికి అదే కారణం. ఒకసారి ఆ స్థితికి వచ్చాక దాన్ని దింపడానికి చాలా ఎక్కువ మందు కావాలి. కోతకి ముందే మందు ఇచ్చేస్తే ఇదంతా రాకుండా ఆపొచ్చని పరిశోధకులు ఆశపడ్డారు. మనుషుల్లో చేసిన పరీక్షల్లో ఆ ఆశ అనుకున్నంతగా నెరవేరలేదు. ముందా వెనకా అన్నదానికంటే, మధ్యలో ఖాళీ రాకుండా గడియారం ప్రకారం మందు పడుతూ ఉండటం ముఖ్యమని డాక్టర్లకి బోధపడింది. ‘నొప్పి వస్తే వేసుకోండి’ అని చీటీ రాసి పంపడం అందుకే సరిపోదు. మొదటి రెండుమూడు రోజులైనా వేళకి వేసుకోవాలి.

పొట్ట మీద కుట్లున్న మనిషి నొప్పికి భయపడి నిండా ఊపిరి తీసుకోడు, దగ్గడు. తెమడ అడుగున ఉండిపోయి న్యుమోనియాకి దారి తీస్తుంది. కాళ్లు కదపడు, పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒత్తిడి హార్మోన్లకి షుగరు పెరుగుతుంది, షుగరు పెరిగితే కుట్లు ఆలస్యంగా మానతాయి. నొప్పి మందులు కుట్లని మానకుండా చేస్తాయని భయపడి మందు మానేసినవాళ్లకి కుట్లు మానకపోవడం ఇలా జరుగుతుంది. అందుకే తెలిసిన డాక్టరు ‘పడుకుంటే నొప్పి ఉందా’ అని అడిగి ఊరుకోడు. ‘ఒకసారి దగ్గండి, ఎంత ఉందో చెప్పండి’ అంటాడు. పడుకుంటే రెండు, దగ్గితే ఎనిమిది అంటే ఆ మనిషికి మందు సరిపోలేదన్నమాట.

ముందురోజు సాయంత్రం

ఈ కథనం కోసం చదివినవాటిలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది 1964 నాటి ఒక చిన్న పరిశోధన. అదే బోస్టన్, అదే మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్. లారెన్స్ ఎగ్‌బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన తోటివాళ్లు పొట్ట ఆపరేషన్లు చేయించుకోబోయే 97 మందిని తీసుకున్నారు. ముందురోజు మత్తు డాక్టరు అందర్నీ చూశాడు. సగం మందికి మామూలు మాటలే చెప్పాడు. రెండో సగం మంది దగ్గర కూర్చుని, మత్తు దిగాక నొప్పి ఎక్కడొస్తుంది, ఎలా ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది, అది మామూలే, కడుపు కండరాలు ఎలా వదులు చేసుకోవాలి, పక్కకి ఎలా తిరగాలి, ఎప్పుడు మందు అడగొచ్చు అన్నీ వివరంగా చెప్పాడు. ఆపరేషన్ తర్వాత కూడా వెళ్లి మళ్లీ చెప్పాడు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో సర్జన్లకీ నర్సులకీ తెలియనివ్వలేదు.

వివరంగా చెప్పించుకున్నవాళ్లకి మార్ఫిన్ లాంటి మందులు సగమే సరిపోయాయి. వాళ్లని సర్జన్లు సగటున 2.7 రోజుల ముందే ఇంటికి పంపేశారు. ఎవరో కొత్త మందు కనిపెట్టి ఇంత ఫలితం చూపిస్తే ప్రపంచమంతా దాన్ని కొనేది. ఇక్కడ వాడింది మాట ఒక్కటే.

ఇరవై ఏళ్ల తర్వాత రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు ఇంకో మూల నుంచి చూశాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి పాత రికార్డులు తీసి, పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనబడే గదివాళ్లని, ఇటుక గోడ కనబడే గదివాళ్లని జతలు కట్టి పోల్చాడు. చెట్లు చూసినవాళ్లు గట్టి మందులు తక్కువ అడిగారు, కాస్త ముందే ఇంటికెళ్లారు. సంగీతం గురించి 2015లో లాన్సెట్‌లో 70కి పైగా పరీక్షల్ని కలిపి చూసినప్పుడూ నొప్పి, ఆందోళన తగ్గినట్టే తేలింది. వీటిని పట్టుకుని మందులు మానేయమని ఎవరూ అనరు. కానీ మన దగ్గర మత్తు డాక్టరు పేరు కూడా తెలియకుండా ఆపరేషన్ అయిపోయి ఇంటికొచ్చేవాళ్లే ఎక్కువ. ఒక ఉదయం పది కేసులున్న డాక్టరుకి కూర్చునే తీరిక ఉండదన్నది నిజమే. ఆ తీరిక కల్పించడం ఆసుపత్రి పని. ఎగ్‌బర్ట్ లెక్క ప్రకారం చూసుకున్నా మంచాలు తొందరగా ఖాళీ అవుతాయి కాబట్టి ఆసుపత్రికి నష్టం లేదు.

నాలుగు దార్లలో అడ్డు

డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ తన రోగుల మంచాల మధ్య తిరుగుతూ వేసుకున్న ప్రశ్న ఇది: ఈ మనిషి ఇవాళ కూడా ఇంకా ఇక్కడెందుకు ఉన్నాడు? నొప్పి, వాంతులు, నీరసం, గొట్టాలు, కదలలేకపోవడం. ఒక్కోదాన్నీ విడిగా పట్టుకుని తీర్చుకుంటూ పోయాడు. 1990ల చివర్లో పెద్దపేగు భాగం తీసినవాళ్లని రెండు రోజుల్లో ఇంటికి పంపగలిగాడు. అంతకుముందు వారం, పది రోజులు పట్టే పని అది. దీన్ని ఇప్పుడు ఫాస్ట్ ట్రాక్ సర్జరీ అంటున్నారు.

నొప్పి విషయంలో ఆయన పట్టు ఒకే మందు మీద బరువంతా పెట్టకూడదని. పారాసిటమాల్ ఒక చోట పనిచేస్తుంది, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కోత దగ్గరి వాపు మీద, నరానికి వేసే మందు దారిలో, మార్ఫిన్ మెదడులో, వెన్నుపాములో. అన్నీ కొంచెం కొంచెం ఇస్తే ఏ ఒక్కదాని దుష్ఫలితాలూ మితిమీరవు. ఇంట్లో దొరికే మాత్రల్ని తక్కువ అంచనా వేయొద్దు. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ల మీద చేసిన పరీక్షల్లో పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కలిపి వేసుకున్న పదిమందిలో ఏడుగురికి నొప్పి కనీసం సగానికి తగ్గింది. అయితే కిడ్నీ జబ్బు, కడుపులో పుండ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఐబూప్రొఫెన్ జాతి మందులు మంచివి కావు. పెద్దవాళ్లకైనా పారాసిటమాల్ రోజుకి నాలుగు గ్రాములు దాటకూడదు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకి, బక్కగా ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. కాబట్టి డాక్టరుకి మీ జబ్బులు, తాగుడు అలవాటు, రక్తం పలచనయ్యే మందులు, అన్నీ దాచకుండా చెప్పాలి.

ఈ ఇరవై ఏళ్లలో బాగా ఎదిగింది నరాల బ్లాక్. అల్ట్రాసౌండ్ తెర మీద నరాన్ని, సూదిని రెంటినీ చూస్తూ మందు వేస్తారు. మోకాలి మార్పిడికి తొడ దగ్గర, పొట్టకి కండరాల పొరల మధ్య, ఛాతీకి వీపు కండరాల కింద. వీపు దగ్గరి ఈ చివరి పద్ధతి వైద్య పత్రికల్లోకి ఎక్కింది 2016లోనే, ఇప్పుడు మన జిల్లా ఆసుపత్రుల మత్తు డాక్టర్ల నోళ్లలోనూ నానుతోంది. పెద్ద ఆసుపత్రుల్లో పేషెంటు చేతికే ఒక బటన్ ఇస్తారు, నొప్పి వచ్చినప్పుడు నొక్కితే కొద్దిగా మార్ఫిన్ పడుతుంది, వెంటనే మళ్లీ నొక్కినా పడదు. ఆ బటన్ ఇంట్లోవాళ్లు నొక్కకూడదు. మందు ఎక్కువై మగత కమ్మిన మనిషి తనంతట తాను నొక్కలేడు, రక్షణ అంతా అందులోనే ఉంది.

నల్లమందు పండించే దేశంలో

మార్ఫిన్ పేరు చెప్పగానే రెండు భయాలు ఎదురొస్తాయి, రెండింటికీ ఆధారం ఉంది. అమెరికాలో 1990ల చివర్లో నొప్పిని కూడా నాడి, బీపీ, ఊపిరి, జ్వరాల్లాగే ఐదో కొలతగా చూడాలన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ మందుల కంపెనీల ప్రచారంతో కలిసి నల్లమందు జాతి మాత్రలు ఇళ్లలోకి గుట్టలుగా వెళ్లాయి. 2017లో అక్కడి ఒక పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్‌కి ముందు ఎన్నడూ ఆ మాత్రలు వాడనివాళ్లలో దాదాపు ఆరు శాతం మంది మూడు నెలలు దాటాక కూడా వాడుతూనే ఉన్నారు.

మనది దానికి పూర్తిగా అవతలి గట్టు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండుతుంది, నీమచ్, గాజీపూర్ ఫ్యాక్టరీలకి చేరుతుంది. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం లైసెన్సులు, జైలు భయం కలిసి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. తిరువనంతపురంలో పాలియం ఇండియా సంస్థను స్థాపించిన డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్, తానూ ఒక మత్తు డాక్టరే, మరికొందరితో కలిసి ఏళ్ల తరబడి తిరిగితే 2014లో చట్టం మారింది, లైసెన్సు ఒకటైంది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి మార్ఫిన్‌ని పేదవాళ్లదాకా చేర్చి దారి చూపించింది. చిన్న పట్టణాల్లో మాత్రం ఇప్పటికీ గట్టి నొప్పికి ట్రమడాల్ దాటి ఏదీ దొరకడం కష్టం. అమెరికా భయం చూపించి ఇక్కడి పేషెంటుకి రెండు రోజుల మందు ఇవ్వకపోవడం న్యాయం కాదు. కొద్ది రోజులు, కొద్ది మోతాదు, చూసేవాళ్ల కళ్లముందు, మిగిలినవి తిరిగి ఇచ్చేయడం. ఇది సాధ్యమేనని చేసి చూపించినవాళ్లున్నారు.

నడుముకి వేసే సూది

తెలుగు ఇళ్లలో మత్తు అనగానే మొదట గుర్తొచ్చేది కాన్పు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అంత అవసరమా అన్నది వేరే చర్చ, గట్టిగా జరగాల్సిన చర్చ. కానీ ఇన్ని లక్షలమంది తల్లులు కుట్ల నొప్పితోనే లేచి బిడ్డకి పాలివ్వాలి. నొప్పి మందు పాలల్లోకి పోతుందని మానేసేవాళ్లు చాలామంది. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ పాలిచ్చే తల్లులకు డాక్టర్లు మామూలుగా ఇచ్చేవే. తల్లి నొప్పితో ముడుచుకుపోతే దెబ్బతినేది పాలివ్వడమే.

సిజేరియన్ తర్వాత ఏళ్ల తరబడి వచ్చే ప్రతి నడుం నొప్పికీ అప్పుడు నడుముకి వేసిన మత్తు సూదినే కారణంగా చెప్పుకుంటాం. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలపడం ఉంటుంది. కానీ వెన్నులో సూదితో కాన్పు అయినవాళ్లని, అది లేకుండా కాన్పు అయినవాళ్లని ఏళ్లపాటు వెంబడించి చూసిన పరిశోధనల్లో దీర్ఘకాలపు నడుం నొప్పిలో తేడా కనిపించలేదు. గర్భంలో మారిన నడుము వంపు, బిడ్డని ఎత్తుకోవడం, కూర్చుని పాలివ్వడం, నిద్రలేమి అసలు కారణాలు.

ఆ సూది తర్వాత తలనొప్పి వస్తుందన్న సంగతి మాత్రం నిజం. 1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బియర్ వెన్నులో మత్తు తన మీదా, సహాయకుడు హిల్డెబ్రాంట్ మీదా ప్రయోగించాడు. మొద్దుబారిన హిల్డెబ్రాంట్ కాలి మీద సుత్తితో కొట్టారు, చుట్టతో కాల్చారు. ఆయనకి ఏమీ తెలియలేదు. తర్వాత ఇద్దరికీ లేచి నిలబడితే భరించలేని తలనొప్పి. సూది పడిన రంధ్రంలోంచి వెన్నునీరు కారడమే కారణమని బియర్ అప్పుడే ఊహించాడు. సూదులు సన్నబడి, కొసలు పెన్సిల్ మొనలా మారాక ఇది బాగా తగ్గింది. తలగడ లేకుండా రోజంతా వెల్లకిలా పడుకుంటే తలనొప్పి రాదని ఇప్పటికీ చాలా చోట్ల బాలింతల్ని కట్టిపడేస్తున్నారు. పరిశోధనల్లో అలా పడుకోవడం వల్ల లాభం కనబడలేదు. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే డాక్టరుకి చెప్పాలి, చికిత్స ఉంది.

నిప్పుల మీద నడిచిన పిల్లాడు

కొత్త మందు ఒకటి వచ్చింది, దాని కథ పాకిస్థాన్‌లో మొదలైంది. అక్కడి వీధుల్లో ఒక పిల్లాడు చేతుల్లో కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి జనానికి చూపించేవాడు. అతనికి నొప్పి అంటే తెలియదు. పధ్నాలుగేళ్లు నిండకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. అతని బంధువుల కుటుంబాల్లో అలాంటి పిల్లల్ని పరీక్షించిన పరిశోధకులు 2006లో కారణం చెప్పారు. నొప్పి నరాల్లో సోడియం వెళ్లే ఒక ద్వారాన్ని తయారుచేసే జన్యువు వాళ్లలో పనిచేయడం లేదు. ఆ ద్వారాన్ని మందుతో మూయాలని కంపెనీలు ఏళ్లు తిప్పలు పడి విఫలమయ్యాయి. దాని పక్క ద్వారం మీద పనిచేసే సుజెట్రిజిన్ అనే మందుని 2025 జనవరిలో అమెరికా అనుమతించింది. నల్లమందు జాతిది కాదు, మెదడుదాకా పోకుండా బయటి నరాల మీదే పనిచేస్తుంది. పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైంది, పాత నల్లమందు మాత్రల కంటే గొప్పగా పనిచేయలేదు. అలవాటుపడే ప్రమాదం లేని కొత్త దారి కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు. ఆ పిల్లాడి చావు కూడా మర్చిపోకూడదు. నొప్పి బొత్తిగా లేని ఒళ్లు తనని తాను కాపాడుకోలేదు.

కాబట్టి ఆపరేషన్ తర్వాత కోరాల్సింది సున్నా కాదు. నిండుగా ఊపిరి తీసుకుని, దగ్గి, లేచి నాలుగడుగులు వేసి, రాత్రి నిద్రపోగలిగేంత ఉపశమనం. తగ్గుతూ వస్తున్న నొప్పి ఒక్కసారిగా పెరిగినా, జ్వరంతో కలిసి వచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా మాత్ర వేసుకుని ఊరుకోకుండా వెంటనే చూపించుకోవాలి.

మానిన కుట్ల చుట్టూ నెలల తరబడి మంట, జివ్వుమనడం, చీర కుచ్చిళ్లు తగిలినా ఓర్వలేకపోవడం ఉంటే అది వేరే జబ్బు. రొమ్ము, ఛాతీ, హెర్నియా ఆపరేషన్ల తర్వాత ఇది తక్కువేమీ కాదు. సాధారణ ఆపరేషన్ల తర్వాత పదిమందిలో కనీసం ఒకరికి నొప్పి ఇలా పాతుకుపోతుందని కెలెట్, వూల్ఫ్ మరొకరితో కలిసి 2006లో లెక్క చెప్పారు. మొదటి రోజుల్లో నొప్పిని సరిగా అణచనివాళ్లలో ఇది ఎక్కువ. కుట్లు బాగున్నాయి, స్కాన్ బాగుంది, నీకేం లేదు అని చెప్పించుకుని తిరిగొచ్చేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. దెబ్బతిన్న నరానికి వాడే మందులు మామూలు నొప్పి మాత్రలకు భిన్నం, వాటికి వారాలు పడుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో నొప్పి వైద్యం ప్రత్యేకంగా చేసే డాక్టర్లున్నారు, చాలామంది మత్తు డాక్టర్లుగా మొదలైనవాళ్లే. మూడు నెలలు దాటిన నొప్పితో వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఏ ఆపరేషన్, ఏ తేదీ, ఎక్కడ మొదలై ఎటు పాకుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది అన్నవి కాగితం మీద రాసుకుని, పాత డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లండి.